మర్రి జన్యుపటం చేతికొచ్చింది.. చదివేవాళ్లేరీ?

మర్రిచెట్టు పూయడం మీరెప్పుడైనా చూశారా? పోనీ రావి? మేడి? ఊళ్లో పెద్దవాళ్లని అడిగినా ‘కాయలు చూశాం గానీ పూలెక్కడివి నాయనా’ అంటారు. ఇంటర్ మొదటి సంవత్సరం బోటనీలో ‘హైపాంథోడియం’ చదివినవాళ్లకి జవాబు తెలిసే ఉంటుంది. మనం కాయ అనుకునేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందలకొద్దీ చిన్నచిన్న పూలు దాని గోడలకి లోపలివైపున ఉంటాయి. బయటికి కనిపించేది కొసన ఉన్న సన్నటి కన్నం ఒక్కటే. పరీక్షలో ఈ నాలుగు ముక్కలూ రాసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. ఇప్పుడు అదే కన్నం చుట్టూ ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. మర్రి, రావి, బొమ్మమేడి, అంజీర్.. ఒక్కొక్కటిగా వీటి జన్యుక్రమాలు బయటికొచ్చాయి. వాటిలో ఏముంది, మన డిగ్రీకి, మన ఉద్యోగవేటకి దాంతో పనేమిటి అన్నది చూద్దాం.

వేమన పుణ్యమా అని మేడిపండులో పురుగులుంటాయని తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ పురుగుల్లో ఒకటి లేకపోతే మేడిచెట్టే ఉండదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అది ఓ బుల్లి కందిరీగ. పొడవు 2 మిల్లీమీటర్లకి అటూఇటూ. మనల్ని కుట్టదు. దీని బతుకు వింటే సినిమా కథలా ఉంటుంది. ఆడ కందిరీగ వాసన పట్టుకుని సరైన చెట్టు దగ్గరికొస్తుంది. కొసనున్న కన్నంలోంచి దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి, మీసాలు విరుగుతాయి. ఇక వెనక్కి వెళ్లడమంటూ లేదు. తెచ్చిన పుప్పొడిని పూలకి అందిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. కొన్ని వారాలకి ముందుగా మగవి పుడతాయి. వాటికి రెక్కలుండవు. ఆడవాటితో జతకట్టి, గోడకి సొరంగం తవ్వి పోతాయి. ఆ సొరంగంలోంచి ఆడవి పుప్పొడితో సహా ఎగిరిపోతాయి. బయటికొచ్చాక వాటికి మిగిలే ఆయుష్షు ఒకటి రెండు రోజులే. ఆలోగా అదే జాతికి చెందిన మరో చెట్టు, అదీ సరిగ్గా పూలు సిద్ధంగా ఉన్నది దొరకాలి.

మేడికి ఒక కందిరీగ, మర్రికి మరొకటి, రావికి ఇంకొకటి. ఈ కుటుంబంలో 750కి పైగా చెట్ల జాతులున్నాయి. ఈ పొత్తు వయసు సుమారు 7.5 కోట్ల సంవత్సరాలని ఒక అంచనా. అంటే డైనోసార్లు తిరుగుతున్న రోజుల నాటిదన్నమాట. రెండు జీవులు ఒకదాన్నిబట్టి ఒకటి మారుతూ రావడాన్ని సహపరిణామం అంటారు. జీవపరిణామ పాఠంలో దీనికంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అందుకే జన్యుశాస్త్రజ్ఞుల కన్ను దీనిమీద పడింది.

ముందు కందిరీగ, తర్వాత చెట్టు

వరస గమనించండి. 2013లో చైనా శాస్త్రవేత్తలు సెరటోసోలెన్ సొల్మ్సి అనే కందిరీగ జన్యుక్రమాన్ని ప్రచురించారు. ఇది బొమ్మమేడికి పుప్పొడి మోసే కందిరీగ. బొమ్మమేడి మన వాగుల ఒడ్డున, పొలాల గట్లమీద కనిపించే చిన్న చెట్టే. ఆకులు గరుకుగా ఉంటాయి, కాయలు మొద్దుమీద, కాండంమీద గుత్తులుగా వేలాడతాయి. 2017లో జపాన్ బృందం అంజీర్ జన్యుక్రమం ముసాయిదా ఇచ్చింది. 2020 అక్టోబరులో ‘సెల్’ జర్నల్‌లో బొమ్మమేడి జన్యుక్రమం, దాంతోపాటు చైనీస్ మర్రి, దాని కందిరీగ జన్యుక్రమాలు ఒకేసారి వచ్చాయి. అంటే బొమ్మమేడి జంటలో ఒకరి జన్యుపటం 2013లో, రెండోవారిది 2020లో చేతికందింది.

ఇక్కడ పోటీపరీక్షల వాళ్లు తప్పటడుగు వేసే చోటొకటుంది. 2020లో ‘మర్రి జన్యుక్రమం’ అని వార్తలొచ్చాయి. అది మన ఊరి మర్రి కాదు. ఫైకస్ మైక్రోకార్పా అనే వేరే జాతి. నర్సరీల్లో ఫైకస్ బోన్సాయ్ అని అమ్మేది చాలావరకు ఇదే. మన జాతీయ వృక్షమైన మర్రి (ఫైకస్ బెంగాలెన్సిస్), రావి (ఫైకస్ రెలిజియోసా) రెండింటి జన్యుక్రమాలను కలిపి 2022లో ప్రచురించింది భోపాల్‌లోని ఐసర్ బృందం. వినీత్ కె.శర్మ నేతృత్వంలోని ఆ ప్రయోగశాలే పసుపు, కలబంద, నేరేడు జన్యుక్రమాలపైనా పనిచేసింది.

లెక్కలు చూస్తే మర్రి జన్యుక్రమం 39 కోట్ల పైచిలుకు అక్షరాలు, అందులో 25,016 జన్యువులు. రావిది 33 కోట్ల అక్షరాలు, 23,929 జన్యువులు. మనిషిది 300 కోట్ల అక్షరాలు దాటుతుంది, కానీ ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 20 వేల దగ్గరే. అక్షరాలు ఎక్కువైనంత మాత్రాన జీవి గొప్పదైపోదు. గోధుమ అక్షరాల లెక్క మనకంటే ఐదింతలు ఉంటుంది మరి!

ఏం తేలింది?

కందిరీగ సంగతే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. బొమ్మమేడి కందిరీగలో 11,412 జన్యువులే లెక్కతేలాయి. వాసన పట్టే జన్యువుల కుటుంబాలు, విషపదార్థాలను విరిచేసే జన్యువుల కుటుంబాలు బాగా కుంచించుకుపోయాయి. కారణం ఊహించడం కష్టం కాదు. జీవితమంతా ఒకే కాయలో గడిచిపోతుంది. తిండి అక్కడే, జత అక్కడే, శత్రువుల బెడద తక్కువ. గుర్తుపట్టాల్సిన వాసన ఒక్కటే, తనకు కావలసిన చెట్టుది. అక్కర్లేని సామాను తరాల తరబడి పారేసుకుంటూ వచ్చింది. తేలికైంది. అయితే వేరే చెట్టు దగ్గరికెళ్లి బతికే దారీ దాదాపు మూసుకుపోయింది.

చెట్టు వైపు చూస్తే బొమ్మమేడిలో మగచెట్లు, ఆడచెట్లు వేరుగా ఉంటాయి. మగచెట్టు కాయలో కందిరీగ పిల్లలు పెరుగుతాయి. ఆడచెట్టు కాయలోకి దూరిన కందిరీగ మోసపోయినట్టే. అక్కడి పూల కీలాలు పొడవు, గుడ్లు పెట్టే గొట్టం అండాశయం దాకా అందదు. పుప్పొడి మాత్రం అంటుతుంది, విత్తనాలు తయారవుతాయి, కందిరీగ వారసులు లేకుండా పోతుంది. ఈ మగ-ఆడ తేడాకి మూలం ఎక్కడుందని వెతికితే, పూల నిర్మాణాన్ని నియంత్రించే ‘అగమస్’ జన్యువుకి నకలు ఒకటి మగచెట్లలో మాత్రమే కనిపించింది. లింగనిర్ధారణకి అదే కీలకం కావచ్చని 2020 బృందం చెప్పింది.

ఊడల సంగతీ అంతే. బొమ్మమేడికి ఊడలు దిగవు, చైనీస్ మర్రికి దిగుతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆక్సిన్ అనే హార్మోను తయారీకి, రవాణాకి సంబంధించిన జన్యువుల్లో తేడాలు దొరికాయి. శ్రీసత్యసాయి జిల్లాలో కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ రికార్డులకెక్కింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏ మొదలు అసలుదో తెలియనంతగా పరుచుకుంది. ఇవన్నీ ఊడలు నేలకి దిగి మళ్లీ మొదళ్లయిపోవడం వల్లే. అయితే జాగ్రత్త, ఊడల జన్యువులు చూసింది చైనీస్ మర్రిలో. మన మర్రికీ అదే వర్తిస్తుందనుకోవడం సహజమే, కానీ ఎవరో ఒకరు చేసి చూపించాలి.

ఐసర్ బృందం వేసిన ప్రశ్న వేరు: ఇంతకాలం ఎలా బతుకుతున్నాయి? 50 ఇతర పుష్పించే మొక్కల జాతులతో పోల్చి వంశవృక్షంలో మర్రి, రావి స్థానాన్ని చూపారు. వాటికి దగ్గరి జాతులతో పోల్చితే హార్మోన్ల సంకేతాలు, ముసలితనం, రోగనిరోధకత, ఎండ-కరవు తట్టుకోవడం వంటి పనులు చేసే జన్యువుల్లో పరిణామం జోరుగా జరిగిన గుర్తులు కనిపించాయి. ‘మర్రి దీర్ఘాయుష్షు రహస్యం తేలిపోయింది’ అని కొన్నిచోట్ల శీర్షికలు పెట్టేశారు. అంతదూరం వెళ్లకూడదు. ఫలానా జన్యువులు అనుమానితుల జాబితాలో ఉన్నాయని మాత్రమే తేలింది. ఆ జన్యువే ఆయుష్షు పెంచుతోందని చెప్పాలంటే ప్రయోగం కావాలి. వందల ఏళ్లు బతికే చెట్టుమీద అలాంటి ప్రయోగం ఎవరు, ఎన్నాళ్లు చేస్తారు? ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగిన అభ్యర్థి మిగతావాళ్లలోంచి వేరుగా కనబడతాడు.

పాఠ్యపుస్తకాన్ని కదిలించిన ఫలితం మరొకటుంది. ఒక చెట్టుకి ఒకే కందిరీగ, తాళానికి తాళంచెవిలా అని మనం చదువుకున్నాం. 2021లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన పరిశోధన వేర్వేరు ఫైకస్ జాతుల జన్యుక్రమాలను పోల్చి చూస్తే, గతంలో ఈ జాతుల మధ్య సంకరం పదేపదే జరిగిందని తేలింది. అంటే కందిరీగలు అప్పుడప్పుడూ ‘తప్పు’ చెట్టులోకి దూరాయి, ఆ తప్పుల గుర్తులు జన్యువుల్లో మిగిలిపోయాయి. తాళంచెవి ఉపమానం పూర్తిగా అబద్ధం కాదు, కానీ తాళం అంత బిగువుగా లేదు.

కంప్యూటర్‌లో చెట్టు, రోడ్డుమీద చెట్టు

జాతి జన్యుపటం తయారుచేయడానికి సాధారణంగా ఒక్క చెట్టు ఆకులు సరిపోతాయి. ఒక జాతి బతకడానికి మాత్రం ఒక్క చెట్టు చాలదు. కందిరీగ ఆయుష్షు ఒకటి రెండు రోజులు, ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకేసారి తయారవుతాయి. కాబట్టి ఆ చెట్టులో పుట్టిన కందిరీగకి ఆ చెట్టు పనికిరాదు, ఇంకోచోట ఇంకో చెట్టు సిద్ధంగా ఉండాలి. ఏడాదిలో ఏ నెలలోనైనా ఆ చుట్టుపక్కల ఏదో ఒక చెట్టు కాస్తూ ఉండాలి. పక్షులకి, గబ్బిలాలకి, ఉడతలకి కరవు నెలల్లో ఆ కాయలే దిక్కవడం వెనకున్న కారణమూ ఇదే. అడవుల్లో వీటిని కీలక జాతులనేది అందుకే.

నమీబ్ ఎడారిలో నది వెంబడి ఉన్న అత్తిజాతి చెట్లమీద 2009లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, పుప్పొడి 160 కిలోమీటర్ల దూరం దాకా ప్రయాణించింది. రెండు మిల్లీమీటర్ల పురుగు, గాలివాటున! చెట్ల డీఎన్ఏ పోల్చి పిల్ల చెట్టుకి తండ్రి ఎవరో కనిపెట్టడం వల్లే ఇది తెలిసింది. జన్యుశాస్త్రం, పర్యావరణశాస్త్రం కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందో చూపడానికి నేను మొదట చెప్పే ఉదాహరణ ఇదే.

కందిరీగ లేకపోతే ఏమవుతుంది? చైనీస్ మర్రిని హవాయికి తీసుకెళ్లి నాటినప్పుడు చెట్టు పెరిగింది గానీ విత్తనం కట్టలేదు. 1938లో దాని కందిరీగని కావాలని తెచ్చి వదిలారు. ఫ్లోరిడాకి 1970లలో అదే కందిరీగ తనంతట తాను చేరింది. అప్పటిదాకా బుద్ధిగా నాటినచోట ఉన్న చెట్టు, గోడల పగుళ్లలోకి, వేరే చెట్లమీదికి పాకి బెడదగా మారింది. 2020లో చెట్టుతోపాటు జన్యుక్రమం చదివింది ఈ కందిరీగదే. ఆక్రమణ జాతుల పాఠంలో ఇది మంచి కేసు.

మన దగ్గర సమస్య తిరగబడి ఉంది. పోతున్నవి చెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా చేవెళ్ల రోడ్డు వెంబడి 900కు పైగా మర్రిచెట్లున్నాయి. ఆ రోడ్డు విస్తరణ వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఆ ఇరుకు రోడ్డుమీద మనుషుల ప్రాణాలు పోతున్న మాటా నిజమే, కాబట్టి ‘చెట్టా, మనిషా’ అంటూ వాదించుకుంటే తెగదు. కానీ ఒకటి చెప్పుకోవాలి. ఇలాంటి చర్చల్లో లెక్క ఎప్పుడూ ‘ఎన్ని చెట్లు పోతాయి, ఎన్ని మొక్కలు నాటుతాం’ అన్న దగ్గరే ఆగుతుంది. కొత్త మొక్క కాయ కాయడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆలోగా ఆ ప్రాంతంలో నెలనెలా ఏదో ఒక మర్రి కాస్తూ ఉంటుందా, కందిరీగల గొలుసు తెగకుండా ఉంటుందా అన్న లెక్క నివేదికల్లో ఉండాలి. ఆ లెక్క వేయగలిగినవాళ్లు తయారవ్వాలి. పర్యావరణ ప్రభావ అంచనా రంగంలోకి వెళ్లాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి.

డేటా ఉచితం, మరి లాభం ఎవరికి?

ప్రచురించిన జన్యుక్రమాలు అంతర్జాతీయ డేటాబేస్‌లలో ఉంటాయి. ఎవరైనా దించుకోవచ్చు. విద్యార్థికి ఇది వరం. మందులు, సౌందర్యసాధనాలు తయారుచేసే కంపెనీకీ అంతే వరం. ఆకు ఒక్కటి కోయకుండా, ఆ చెట్టున్న దేశాన్ని అడగకుండా, తెరమీది అక్షరాలతోనే పని కానిచ్చేయొచ్చు. దీన్నే ‘డిజిటల్ సీక్వెన్స్ ఇన్ఫర్మేషన్’ వివాదం అంటారు. 2024లో కొలంబియాలోని కాలీ నగరంలో జరిగిన జీవవైవిధ్య సదస్సులో దీనికి ఒక దారి వెతికారు. 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో ‘కాలీ నిధి’ మొదలైంది. ఇలాంటి డేటా వాడుకునే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం గానీ, ఆదాయంలో 0.1 శాతం గానీ అందులో వేయాలన్నది సూచన. అందులో కనీసం సగం ఆదివాసులకి, స్థానిక సమాజాలకి చేరాలి. చిక్కేమిటంటే, ఇది తప్పనిసరి కాదు. మంచితనం మీద ఆధారపడ్డ నిధి ఎంత నిండుతుందన్న అనుమానం నాకైతే ఉంది. గ్రూప్-1, సివిల్స్ మెయిన్స్ రాసేవాళ్లు 2002 నాటి మన జీవవైవిధ్య చట్టాన్ని, 2023 సవరణని దీంతో కలిపి చదివితే ఒక ప్రశ్నకి సరిపడా సరుకు దొరుకుతుంది.

ఉద్యోగం మాటేమిటి?

అసలు ప్రశ్న ఇదే కదా. ‘మర్రి జన్యుక్రమం చదివితే జీతమెంత?’ నిజం చెప్పాలంటే అడవిచెట్ల జన్యుశాస్త్రంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఎక్కువ పనులు ప్రాజెక్టుల కాలపరిమితి మీద నడుస్తాయి. డబ్బు పంటల వైపు ఎక్కువగా వెళ్తుంది. కంది జన్యుక్రమాన్ని 2011లో ప్రచురించిన బృందానికి నాయకత్వం వహించింది మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్. హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లోనూ ఇవే నైపుణ్యాలు పనికొస్తాయి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఎలాగూ ఉన్నాయి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ద్వారా జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి రూ.37,000, ఆపైన ఇంటద్దె భత్యం. గేట్‌లో లైఫ్ సైన్సెస్, బయోటెక్నాలజీతోపాటు ‘ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ అని విడిగా పేపరుంది. దాని సంగతి మన కాలేజీల్లో చాలామందికి తెలియనే తెలియదు.

మానవ జన్యుపటం మొదటిసారి పూర్తిచేయడానికి 13 ఏళ్లు, సుమారు 300 కోట్ల డాలర్లు పట్టాయి. ఇప్పుడు ఒక మనిషి జన్యుక్రమం చదవడానికి వెయ్యి డాలర్లు కూడా అక్కర్లేదు. చదవడం చవకైంది. అర్థం చేసుకోవడం చవక కాలేదు. అందుకే ప్రయోగశాలలకి ఇప్పుడు కావలసినవాళ్లు రెండు వైపులా కాళ్లున్నవాళ్లు. లినక్స్‌లో పనిచేయగలగాలి, పైథాన్ లేదా ఆర్‌లో ప్రోగ్రామ్ రాయగలగాలి. అలాగే జువ్వికీ రావికీ తేడా చెప్పగలగాలి. మొదటిది ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు. రెండోదానికి ఎండలో తిరగాలి. బోటనీ చదివిన పిల్లలు కోడింగ్ అంటే భయపడతారు, బీటెక్ వాళ్లు చెట్టు పేరు అడిగితే నవ్వేస్తారు. ఇద్దరికీ ఇందులో చోటుంది. నమ్మకపోతే బెంగళూరు ఐఐఎస్సీ చూడండి. అక్కడ రెనీ బోర్జెస్ ఏళ్ల తరబడి మేడిచెట్టుమీద, దాని కందిరీగలమీద పరిశోధన చేశారు. మేడికాయ గోడని బయటినుంచి తొలిచి గుడ్లు పెట్టే పరాన్నజీవి కందిరీగ ఒకటుంది. వెంట్రుక కన్నా సన్నటి దాని గొట్టం కొసకి జింకు పూతలా ఉండి గట్టిదనం ఇస్తుందని 2014లో తేల్చింది మాత్రం అదే సంస్థలోని మెకానికల్ ఇంజినీరింగ్ వాళ్లు!

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అంశం దొరక్క తిరుగుతున్నవాళ్లకి ఒక మాట. మీ కాలేజీ దగ్గర్లో మేడి గానీ బొమ్మమేడి గానీ ఉంటే నాలుగైదు చెట్లకి నంబర్లు వేయండి. వారానికోసారి వెళ్లి ఏ చెట్టు కాసింది, ఏది ఖాళీగా ఉందో రాసుకోండి. ఒక ఏడాది అలా రాస్తే, ఆ నాలుగైదు చెట్లు కందిరీగలకి ఏ నెలల్లో సరిపోయాయో, ఏ నెలల్లో సరిపోలేదో మీకే తెలుస్తుంది. ముదిరిన కాయ ఒకటి కోసి భూతద్దం కింద పెట్టండి. రెక్కల్లేకుండా పాకేవి మగవి. నల్లగా, రెక్కలతో ఉన్నవి ఆడవి. రెండు రకాలకంటే ఎక్కువ కనబడితే మిగతావి పరాన్నజీవులు, అవీ పనికొస్తాయి. గట్టి ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, తేదీ, స్థలం, చెట్టు నంబరు రాసిన కాగితం లోపలే పెట్టండి. డీఎన్ఏ చూసే ప్రయోగశాలకి మెయిల్ పెట్టేటప్పుడు మీ దగ్గర చూపించడానికి ఒక నమూనా ఉంటుంది. కాగితంమీద మాత్రం పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.